ముందు బరువు పెంచినా బండి పల్టీ ఎందుకు కొడుతోంది? రాక్ క్రాలర్‌లో బరువు ఉండవలసిన చోటు

మీ ప్రశ్నను ముందుగా కుదించి రాస్తాను, ఎందుకంటే ఇదే ఇబ్బంది ఉన్న మరికొందరికి కూడా ఈ సమాధానం ఉపయోగపడవచ్చు. మీది పదో వంతు కొలత క్రాలర్, అంటే రిమోట్‌తో బండల మీద నెమ్మదిగా ఎక్కించే చిన్న నమూనా బండి. వీల్‌బేస్ (ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య దూరం) 313 మిల్లీమీటర్లు, రిమ్ములు 1.9 అంగుళాలవి, బ్యాటరీ వెనుక యాక్సిల్ పైన ఉంది. బాడీ మీద రూఫ్ ర్యాక్, దాని మీద స్టెప్నీ, లైట్ల బార్, రెండు డీజిల్ డబ్బాల నమూనాలు బిగించారు. టెక్కలి దగ్గర కొండవాలులోని బండల మీదికి ఎక్కిస్తుంటే బండి వెనక్కి వెల్లకిలా పడుతోందని, తెలిసినవారి సలహా మీద ముందు చక్రాల్లో 400 గ్రాముల సీసం వేసి, ముందు బంపర్‌కు ఇనుప వించ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) కూడా తగిలించారు. ఆ తర్వాత వెల్లకిలా పడటం తగ్గింది గాని, దిగేటప్పుడు ముందుకు బోర్లా పడటం, అడ్డవాలులో పక్కకు దొర్లటం, రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిరగకపోవటం మొదలయ్యాయి. ఇంకెంత బరువు వేయాలి, ఎక్కడ వేయాలి అన్నది మీ ప్రశ్న.

ఇక ఒక్క గ్రాము కూడా వేయవద్దు. పైన ఉన్నది తీయండి, వెనుక ఉన్నదాన్ని ముందుకు జరపండి, ఆ తర్వాత కొలిచి చూసి, ఇంకా అవసరమనిపిస్తేనే చక్రాల మట్టంలో కొంచెం వేయండి. ఈ వరుస ఎందుకు మారకూడదో లెక్కతో చూపిస్తాను. లెక్క పెద్దదేమీ కాదు, పదో తరగతి త్రికోణమితి చాలు.

బండి బరువంతా గరిమనాభి అనే ఒక్క బిందువు దగ్గర ఉన్నట్టు భావించవచ్చు. ఆ బిందువు నుంచి నిలువుగా కిందికి గీసిన గీత చక్రాలు నేలను తాకే నాలుగు చోట్ల మధ్య పడినంతసేపు బండి నిలబడుతుంది, దాటితే పడుతుంది. ఎక్కేటప్పుడు ఆ గీత వెనుక చక్రాల వైపు జరుగుతుంది, దిగేటప్పుడు ముందు చక్రాల వైపు, అడ్డవాలులో దిగువ వైపు చక్రాల వైపు జరుగుతుంది. ఎంత ఏటవాలులో అది హద్దు దాటుతుందన్నది రెండే కొలతల మీద ఆధారపడి ఉంటుంది: గరిమనాభి నేల నుంచి ఎంత ఎత్తున ఉంది, హద్దుగా ఉన్న చక్రాల నుంచి ఎంత దూరంలో ఉంది. ఆ దూరాన్ని ఎత్తుతో భాగిస్తే వచ్చేది పడిపోయే కోణపు టాంజెంట్. బండి మొత్తం బరువు ఎంత అన్నది ఈ లెక్కలోకి రానే రాదు. బరువు పెంచితే బండి నిలకడగా ఉంటుందన్న మాట అందుకే సగం నిజం. ఆ బరువును ఎక్కడ పెంచారన్నదే అసలు సంగతి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు మీ బండిని తూచి చెప్పలేదు కాబట్టి ఈ తరగతి బండికి సహజమైన అంకెలు వాడుతున్నాను: అన్నీ కలిపి బరువు 3 కిలోలు, వీల్‌బేస్ 313 మిల్లీమీటర్లు, గరిమనాభి ఎత్తు 90 మిల్లీమీటర్లు. ముందు, వెనుక బరువు సరిసమానంగా ఉంటే ఈ బండి ఎక్కేటప్పుడు 60 డిగ్రీల దగ్గర వెల్లకిలా పడుతుంది, దిగేటప్పుడు కూడా 60 డిగ్రీల దగ్గరే బోర్లా పడుతుంది. బరువును ముందుకు జరిపి ముందు యాక్సిల్ మీద 60 శాతం, వెనుక 40 శాతం చేశామనుకోండి. ఎక్కేటప్పటి హద్దు 64 డిగ్రీలకు పెరుగుతుంది, దిగేటప్పటి హద్దు 54కు పడిపోతుంది. ఇంకా జరిపి ముందు 70 శాతం చేస్తే ఎక్కే హద్దు 68 డిగ్రీలు దాటదు, దిగే హద్దు మాత్రం 46 డిగ్రీలకు దిగజారుతుంది. అంటే 60 నుంచి 70 శాతానికి పోయినప్పుడు ఎక్కుడులో వచ్చిన లాభం మూడు నాలుగు డిగ్రీలు, దిగుడులో వచ్చిన నష్టం ఎనిమిది డిగ్రీలు. ఎక్కిన బండి దిగాలి కదా.

అదే బండిలో 60 శాతం పంపకాన్ని అలాగే ఉంచి, గరిమనాభి ఎత్తును 90 నుంచి 80 మిల్లీమీటర్లకు దించితే ఏమవుతుందో చూడండి. ఎక్కే హద్దు 64 నుంచి 67 అవుతుంది, దిగే హద్దు 54 నుంచి 57 అవుతుంది. ఎడమ, కుడి టైర్ల మధ్యగీతల దూరం 200 మిల్లీమీటర్లు అనుకుంటే, పక్కకు ఒరిగే హద్దు 48 నుంచి 51 డిగ్రీలకు పెరుగుతుంది. ముందుకు జరపటం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది. కిందికి దించటం మూడు వైపులా ఇస్తుంది, ఎక్కడా తీసుకోదు. ఈ తేడా తెలియక మన కుర్రాళ్లు చాలామంది ముందు చక్రాల్లో సీసం నింపుతూ పోతారు.

ఎత్తు తగ్గించటానికి మార్గాలు రెండే, పైన తీయటం, కింద వేయటం. ఈ రెండూ సమానం కావు. మీ రూఫ్ ర్యాక్ మీద ఉన్న సామగ్రి 100 గ్రాములు, నేల నుంచి 220 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. దాన్ని తీసేస్తే పై ఉదాహరణలోని బండి గరిమనాభి 90 నుంచి 85.5 మిల్లీమీటర్లకు దిగుతుంది. ఇదే నాలుగున్నర మిల్లీమీటర్లను చక్రాల్లో బరువు వేసి సాధించాలంటే ఎంత కావాలి? టైరు వ్యాసం 120 మిల్లీమీటర్లయితే చక్రం మధ్యభాగం 60 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. రిమ్ము చుట్టూ సమానంగా వేసిన బరువు కూడా, అది ఏ అంచున అతికించినదైనా సరే, సగటున ఆ 60 మిల్లీమీటర్ల ఎత్తునే ఉన్నట్టు లెక్క. ఆ ఎత్తున 530 గ్రాములు వేస్తే గాని 85.5 రాదు. పైన తీసిన వంద గ్రాములు కింద వేసిన అర కిలోకు పైగా బరువుకు సమానమన్న మాట. మీరు వేసిన 400 గ్రాముల సీసం ఇచ్చిన లాభం ఎత్తు విషయంలో మూడున్నర మిల్లీమీటర్లకు మించదు. ఆ స్టెప్నీ, డబ్బాలు, లైట్లు దింపేస్తే అంతకంటే ఎక్కువ దక్కేది, పైసా ఖర్చు లేకుండా, మోటారు మీద భారం పడకుండా.

రూఫ్ ర్యాక్ లేని బండి చూడటానికి బోసిగా ఉంటుందని మీరనవచ్చు. నిజమే, నాకూ సామాను కట్టిన బండే అందంగా కనిపిస్తుంది. అటువంటప్పుడు పలుచటి పాలికార్బొనేట్ బాడీ వాడి, స్టెప్నీలో ఫోమ్ తీసేసి గుల్ల టైరు మాత్రం ఉంచి, డబ్బాలు గట్టి ప్లాస్టిక్‌వి కాకుండా థర్మాకోల్‌తో చేసి రంగు వేసుకోవచ్చు. గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ బాడీ పాలికార్బొనేట్ బాడీకి రెండు మూడు రెట్లు తూగడం మామూలే. కాబట్టి అటువంటి బాడీ ఉన్నవారు లోపలి సీట్లు, డ్రైవరు బొమ్మ, డాష్‌బోర్డు వంటివాటిని కూడా ఒకసారి కాటా మీద పెట్టి చూడాలి. ఒక్కొక్కటి చిన్నదే, అన్నీ కలిస్తే బ్యాటరీ అంత తూగుతాయి.

ఇక ముందుకు జరపటం సంగతి. కొత్త బరువు వేయటం కంటే ఉన్న బరువును జరపటం మేలు, అందులో మొదటిది బ్యాటరీ. రెండు సెల్లుల 5000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ సుమారు 250 నుంచి 300 గ్రాములు ఉంటుంది. 250 గ్రాముల బ్యాటరీని వెనుక నుంచి 200 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే, 3 కిలోల బండి గరిమనాభి దాదాపు 17 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. 313 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌లో అది ఐదు శాతం దాటిన మార్పు. 48 శాతం ఉన్న ముందు భాగం 53కు చేరుతుంది, బండి బరువు ఒక్క గ్రాము పెరగకుండానే. అయితే జరిపేటప్పుడు ముందు షాక్ టవర్ల (షాకుల పై కొసలు బిగించే స్తంభాల) పైన ఎత్తుగా పెట్టకండి. చాసిస్ పట్టాల మధ్య, సర్వోకు (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారుకు) అడ్డు రాకుండా ఎంత కిందికి దిగితే అంత కిందికి పెట్టాలి. చోటు చాలకపోతే మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ వాడవచ్చు. అది వందయాభై నుంచి రెండువందల గ్రాముల లోపే తూగుతుంది, నడిచే సమయం మాత్రం తగ్గుతుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే మీ స్పీడ్ కంట్రోలర్ మూడు సెల్లులకు తట్టుకుంటుందో లేదో చూసుకున్న తర్వాతే ఈ మార్పు చేయండి.

బంపర్‌కు కట్టిన వించ్ గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ముందు యాక్సిల్ దాటి బయటికి వేలాడే బరువు తూకంలో తన బరువు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. యాక్సిల్‌కు 60 మిల్లీమీటర్లు ముందున్న 200 గ్రాముల వించ్ ముందు చక్రాల మీద సుమారు 238 గ్రాములు మోపి, వెనుక చక్రాల మీద నుంచి 38 గ్రాములు ఎత్తేస్తుంది. కాగితం మీద ఇది లాభంగానే కనిపిస్తుంది. అయితే ఆ బరువు స్ప్రింగుల మీద కూర్చుంటుంది. ముందు స్ప్రింగులు నిలబడి ఉన్నప్పుడే సగం కుంగి ఉంటాయి, దిగుడులో ముందు భాగం మీద భారం పెరగగానే పూర్తిగా కుంగిపోతాయి, బండి ముక్కు ఇంకా కిందికి వంగుతుంది, లెక్కలో వచ్చిన హద్దు కంటే చాలా ముందే బోర్లా పడుతుంది. పైగా కావడి కొసల్లో బరువు పెరిగేకొద్దీ ఊపు మొదలవటం కష్టం, మొదలైన ఊపు ఆగటం ఇంకా కష్టం. బండి కొసల్లో వేలాడే బరువు కూడా అంతే, ఒక రాయి మీద నుంచి ముందు భాగం జారినప్పుడు ఆ విసురును ఆపటానికి డ్రైవరుకు వ్యవధి ఉండదు. వించ్ నిజంగా వాడేవారైతే ఉంచుకోండి. బరువు కోసమే పెట్టినదైతే ఇవాళే విప్పేయండి.

స్ప్రింగుల మాట వచ్చింది కాబట్టి, బరువు స్ప్రింగులకు పైన ఉందా కింద ఉందా అన్నది ఎత్తుతో పాటు చూడవలసిన రెండో సంగతి. చాసిస్, బాడీ, బ్యాటరీ స్ప్రింగుల పైన ఉంటాయి. యాక్సిళ్లు, నకిళ్లు (స్టీరింగ్‌తో పాటు తిరిగే, చక్రాన్ని మోసే కీలు ముక్కలు), చక్రాలు కింద ఉంటాయి. పైనున్న భారం వాలు ఎటుంటే అటు స్ప్రింగులను కుంగదీసి తాను కూడా ఒరుగుతుంది, గరిమనాభిని హద్దు వైపు నెడుతుంది. యాక్సిల్ మీద వేసిన బరువు స్ప్రింగులను కుంగదీయదు. చక్రం గుంతలోకి దిగినప్పుడు దాన్ని నేలకు అంటిపెట్టి ఉంచుతుంది. ఇత్తడి నకిళ్లు, ఇత్తడి డిఫ్ కవర్లు (యాక్సిల్ మధ్యలోని గేర్ల మూతలు) ఇంతగా అమ్ముడుపోవటానికి కారణం ఇదే.

కొనే ముందు గమనించవలసినది ఒకటుంది. ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 వంటి పోర్టల్ యాక్సిల్ బండ్లలో యాక్సిల్ గొట్టం చక్రం మధ్యభాగం కంటే పైన ఉంటుంది, గేర్ల ద్వారా కిందికి దిగి చక్రాన్ని తిప్పుతుంది. ఆ బండ్లలో ఇత్తడి డిఫ్ కవర్ వేస్తే అది చక్రపు మధ్యభాగం కంటే ఎత్తున కూర్చుంటుంది కాబట్టి, అదే బరువు చక్రాల దగ్గరి ఆ గేర్ల మూతలైన పోర్టల్ కవర్లలోనో రిమ్ముల్లోనో వేసిన దానికంటే తక్కువ ఫలితం ఇస్తుంది. పోర్టల్ లేని మామూలు యాక్సిల్ బండ్లలో ఈ తేడా ఉండదు. అందుకే ఒకరి బండికి పనిచేసిన ఇత్తడి ముక్క ఇంకొకరి బండికి పనిచేయలేదని వింటుంటాం.

రిమ్ముల్లో వేసే బరువుకూ నకిల్ మీద వేసే బరువుకూ కూడా తేడా ఉంది. రిమ్ములోది చక్రంతో పాటు తిరుగుతుంది. క్రాలర్ నెమ్మదిగా నడిచే బండి కాబట్టి తిరిగే బరువు వల్ల మోటారుకు కలిగే భారం అంత లెక్కలోకి రాదని కొందరంటారు, మామూలు నడకలో అది నిజమే. కాని రాళ్ల సందులో ఇరుక్కున్న చక్రం ఒక్కసారిగా విడివడి తిరిగి మళ్లీ టక్కున ఆగినప్పుడు, ఆ బరువులో నిండిన ఊపంతా రింగ్ గేరు, యాక్సిల్ షాఫ్టుల మీద దెబ్బగా పడుతుంది. సీసం నిండిన చక్రాల బండ్లలో పళ్లు విరిగిన గేర్లు ఎక్కువగా కనిపించటానికి కారణం అదే. కాబట్టి నకిల్, పోర్టల్ కవర్లతో పని జరిగినంత జరగనిచ్చి, మిగిలినదే రిమ్ముల్లో వేయమని నా సలహా. వెనుక రిమ్ముల్లో మాత్రం ఏమీ వేయకండి. అడ్డవాలులో వెనుక భాగం మరీ తేలిపోతుంటే అప్పుడు చూద్దాం.

వేయవలసి వస్తే సామగ్రికి పెద్దగా తిరగనక్కరలేదు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో కార్లకు వీల్ బ్యాలెన్సింగ్ చేసే ఏ టైర్ల షాపులోనైనా అల్లాయ్ చక్రాలకు అతికించే 5 గ్రాముల, 10 గ్రాముల ముక్కల పట్టీలు దొరుకుతాయి. వాటిని బీడ్‌లాక్ రిమ్ము (టైరు అంచును జిగురు లేకుండా మరలతో బిగించే రిమ్ము) లోపలి గుండ్రం మీద, ఫోమ్ కింద, ఎదురెదురుగా సమానంగా అతికించాలి. అతికించే ముందు రిమ్మును స్పిరిట్‌తో తుడవండి, అతికించాక పైన ఒక చుట్టు గట్టి టేపు వేయండి. మన ఎండల్లో బండ మీద కాసేపు నిలిపిన బండిలో ఆ జిగురు మెత్తబడి, ముక్కలు ఊడి టైరు లోపల గలగలలాడతాయి. సీసం ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోకుండా టిఫిన్ ముట్టుకోవద్దు. నాగావళి, వంశధార ఒడ్డున రాళ్లలో నడిపేవారు ఊడిన ముక్కలను ఏటిలో వదిలేయకుండా ఏరుకోవాలి.

ఇత్తడి ఉంగరాలు వేయించుకోవాలనుకుంటే లేత్ షాపులో చేయిస్తారు. ఇత్తడి అనగానే మన జిల్లాలో బుడితి గుర్తుకు వస్తుంది గాని, అక్కడి పనివారి పోత పాత్రల నైపుణ్యం వేరు, మిల్లీమీటరులో పదో వంతు కొలతకు తిప్పే లేత్ పని వేరు. బయటి వ్యాసం 40, లోపలి వ్యాసం 28, వెడల్పు 15 మిల్లీమీటర్లు ఉన్న ఇత్తడి ఉంగరం సుమారు 80 గ్రాములు తూగుతుంది. ఘనపు సెంటీమీటరుకు ఇత్తడి ఎనిమిదిన్నర గ్రాములు, సీసం 11.3 గ్రాములు, ఇనుము 7.8 గ్రాముల చొప్పున లెక్క వేసుకుని, మీ రిమ్ము లోపలి కొలత తీసుకున్న తర్వాతే చేయించండి.

అడ్డవాలులో దొర్లటానికి ముందు వేసిన సీసమే కారణమని మీరు అనుమానించారు. అది కాదు. చక్రాల్లో వేసిన బరువు గరిమనాభిని కొంచెం కిందికే దించింది, పక్కకు ఒరిగే హద్దు కొంచెం పెరిగే ఉంటుంది. మునుపు మీ బండి ఆ అడ్డవాలు దాకా వెళ్లకుండానే వెల్లకిలా పడేది. ఇప్పుడు అక్కడిదాకా చేరుతోంది కాబట్టి, రూఫ్ మీది బరువు వల్ల మొదటి నుంచీ ఉన్న లోపం బయటపడింది. పైగా ముందు స్ప్రింగులు కుంగి, ఇరువైపులా స్టీరింగ్ ఆగిపోతుండటంతో బండిని దిగువకు తిప్పి కాపాడుకునే అవకాశం కూడా పోయింది.

స్టీరింగ్ ఆగిపోవటానికి కారణం సర్వో. ముందు భాగం 60 శాతం మోస్తున్న 3 కిలోల పైబడిన బండికి 20 నుంచి 25 కిలోల-సెంటీమీటర్ల టార్క్ ఉన్న లోహపు గేర్ల సర్వో ఉండాలి. ఇంకో మాట: పెద్ద సర్వో కొని దానికి కావలసిన వోల్టేజీ, కరెంటు ఇవ్వకపోతే ప్రయోజనం లేదు, స్పీడ్ కంట్రోలర్‌లో సర్వోకు కరెంటు ఇచ్చే భాగమైన బీఈసీ చాలకపోతే విడిగా ఒక బీఈసీ పెట్టాలి. సర్వోను చాసిస్ మీద కాకుండా యాక్సిల్ మీద బిగించే వీలు మీ బండిలో ఉంటే, ఆ యాభై అరవై గ్రాములు కూడా స్ప్రింగుల కిందికి, ముందుకు వచ్చేస్తాయి. చూడటానికి నిజమైన జీపులా ఉండదు. పోటీ బండ్లలో మాత్రం ఆ పద్ధతే ఎక్కువ.

ఇంతవరకు చెప్పిన డిగ్రీలు చూసి ఒక తెలివైన పాఠకుడు అడగవచ్చు: రబ్బరు టైరు 64 డిగ్రీల బండ మీద అసలు నిలవదు కదా, జారిపోతుంది కదా, మరి ఈ హద్దులతో పనేమిటని. నున్నటి బండ మీద 45 డిగ్రీల వాలు నిలవాలంటేనే రాపిడి గుణకం 1 ఉండాలి, 60 డిగ్రీలకు 1.73 ఉండాలి. చదునైన వాలులో బండి పడిపోయే ముందే జారుతుంది. పడిపోయేది మెట్టు ఎక్కేటప్పుడు: ముందు చక్రాలు బండ అంచును పట్టుకుని పైకి లేచి, వెనుక చక్రాలు ఇంకా కిందే ఉన్నప్పుడు బండి భంగిమ నేల వాలు కంటే చాలా నిటారుగా ఉంటుంది. ఆ క్షణంలో వెనుక స్ప్రింగులు కుంగుతాయి, ముందువి సాగుతాయి, మీరు థ్రాటిల్ నొక్కిన దెబ్బకు ముక్కు ఇంకా లేస్తుంది. లెక్కలో వచ్చే హద్దు నిశ్చలంగా నిలబెట్టిన బండిది. కదిలే బండి దానికి ఎంతో ముందే పడుతుంది. అందుకే కాగితం మీద మూడు డిగ్రీలుగా కనిపించే లాభం బండ మీద ఒక మెట్టు ఎక్కటానికీ ఎక్కకపోవటానికీ మధ్య తేడా అవుతుంది.

ముందు చక్రాలకు పట్టు ఎంత మిగులుతుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. 45 డిగ్రీల ఎక్కుడులో లెక్క సులువు: వెనుక చక్రాల నుంచి గరిమనాభికి ఉన్న దూరంలో నుంచి దాని ఎత్తును తీసేసి, వీల్‌బేస్‌తో భాగించండి. నేల మీద సరిసమానంగా ఉన్న మన ఉదాహరణ బండికి ఆ వాలులో ముందు చక్రాల మీద మిగిలేది 21 శాతం. 60 శాతం ముందున్న బండికి 31 శాతం. అదే బండి గరిమనాభిని 80 మిల్లీమీటర్లకు దించితే 35 శాతానికి దగ్గరగా వస్తుంది. ముందు టైర్లు గాలిలో గీరుకుంటూ ఉంటే మెట్టు మీదికి లాగేది ఎవరు? నాలుగు చక్రాలూ కలిసి తిరిగే బండిలో మొత్తం పట్టు మారకపోయినా, భారమంతా వెనుక రెండు టైర్ల మీదే పడితే రబ్బరు ఆ భారానికి తగినంత పట్టు ఇవ్వలేదు.

రాయిని బట్టి కూడా చూడాలి. టెక్కలి వైపు క్వారీల నుంచి వచ్చే నీలి గ్రానైట్ వంటి గట్టి రాయి గరుకుగా విరిగి ఉంటే టైరును బాగా పట్టుకుంటుంది. అటువంటి చోట పల్టీలే ప్రధాన సమస్య, ఈ బరువుల పాఠమంతా అక్కడికి సరిపోతుంది. విజయనగరం చుట్టూ ఉన్న తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ రాయి ఎండకూ వానకూ పైపొర మెత్తబడి ఇసుకగా రాలుతుంది. దాని మీద బండి పడిపోయే ముందే జారుతుంది. అక్కడ ఎంత బరువు వేసినా లాభం లేదు, ఎందుకంటే బరువు పెరిగితే పట్టు ఎంత పెరుగుతుందో కిందికి లాగే బలం కూడా అంతే పెరుగుతుంది. అక్కడ మెత్తటి రబ్బరు టైర్లు, మెత్తటి ఫోమ్, రిమ్ములకు గాలి రంధ్రాలు చూసుకోవాలి. సాలిహుండం, రామతీర్థం కొండల మీద బౌద్ధ అవశేషాలున్న రక్షిత ప్రాంతాల్లోకి, నడుస్తున్న క్వారీల్లోకి బండ్లు తీసుకువెళ్లవద్దని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.

స్ప్రింగుల విషయం క్లుప్తంగా. వెనుక స్ప్రింగులు ముందువాటి కంటే ఒక మెట్టు గట్టిగా, ముందు షాకులు మరీ ఎక్కువ సాగకుండా ఉంటే ఎక్కుడులో ముక్కు లేవటం తగ్గుతుంది. థ్రాటిల్ ఇవ్వగానే బండి ఒక పక్కకు మెలిపడి ఒక ముందు చక్రం తేలుతుంటే అది డ్రైవ్ షాఫ్టు మెలి, బరువు దోషం కాదు. పోర్టల్ యాక్సిల్ బండ్లలో షాఫ్టు మీద టార్క్ తక్కువ కాబట్టి ఇది తక్కువగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయటానికి ఒక పక్క సీసం వేసేవారు ఉన్నారు. అది తప్పుడు పద్ధతి. ఆ పక్క స్ప్రింగు బిగింపు మార్చి చూడండి.

కొలవటం ఎలాగంటే, వంటింటి డిజిటల్ కాటా, ఒక చెక్క పలక, కోణం చూపే ఫోను చాలు. ముందు చక్రాలు రెండూ కాటా మీద, వెనుక చక్రాలు కాటా అంత ఎత్తున్న పుస్తకాల మీద పెట్టి తూచండి, తర్వాత తిప్పి వెనుక వైపు తూచండి; బండి మట్టంగా లేకపోతే అంకెలు తప్పుతాయి. అలాగే ఎడమ, కుడి కూడా. బ్యాటరీ, బాడీ అన్నీ బిగించి ఉండాలి. ఎత్తు తెలియాలంటే బండిని పలక మీద అడ్డంగా నిలిపి, దిగువ టైర్లు జారకుండా ఒక సన్నటి బద్ద కొట్టి, పైవైపు వదులుగా ఒక దారం కట్టి, పలకను మెల్లగా ఎత్తుతూ ఎగువ టైర్లు లేచే కోణం చూడండి. టైర్ల మధ్యగీతల దూరంలో సగాన్ని ఆ కోణపు టాంజెంట్‌తో భాగిస్తే గరిమనాభి ఎత్తు వస్తుంది. సగం దూరం 100 మిల్లీమీటర్లయితే, 45 డిగ్రీల దగ్గర లేస్తే ఎత్తు 100, 48 దగ్గరైతే 90, 55 దగ్గరైతే 70. స్ప్రింగులు కుంగటం వల్ల అసలు ఎత్తు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది గాని, మార్పుకు ముందూ తర్వాతా ఒకే పద్ధతిలో కొలిస్తే తేడా నమ్మదగినదే.

మీ బండికి నేను చెప్పేది ఇది. వించ్, రూఫ్ సామాను, చక్రాల్లోని సీసం మొత్తం తీసేసి మొదటి కొలత తీసుకోండి. బ్యాటరీని ముందుకు, కిందికి మార్చి మళ్లీ కొలవండి. అప్పటికి ముందు భాగం 55 శాతం దాటి, పక్కకు లేచే కోణం 50 డిగ్రీల పైన ఉంటే బరువు జోలికి పోకుండా అదే టెక్కలి బండల మీద నడిపి చూడండి. 55 కంటే తక్కువుంటే, నకిల్, పోర్టల్ కవర్లతో పని జరగనప్పుడు ముందు రిమ్ముల్లో ఒక్కొక్కదానిలో 50 గ్రాములతో మొదలుపెట్టి, 60 శాతం దగ్గర ఆగిపోండి.

ఇరవై నాలుగో వంతు, పద్దెనిమిదో వంతు చిన్న బండ్లు ఉన్నవారికి సూత్రం ఇదే గాని అంకెలు వేరు. అక్కడ పది గ్రాములు కూడా పెద్ద మార్పే. ప్లాస్టిక్ గేర్ల చవక బండ్లలో ఇత్తడి నింపితే బండి నిలబడుతుంది, గేర్లు నిలబడవు.

నాలుగు చక్రాల మీది బరువులు, పక్కకు లేచే కోణం, సర్వో పేరు రాయండి. స్ప్రింగులు ఏవి మార్చాలో అవి చూసిన తర్వాత చెబుతాను.